చాటు ఫోటో

నవంబరు 4, 2001

అరవకూడదట. కింద స్టూడియో, పైన ఇల్లు. నేను పైన గొంతు పెంచితే కింద కౌంటరు దగ్గర నిలబడ్డవాళ్ళకి వినపడుతోందని ఈయన బాధ. అందుకని ఇవాళ్టి నుంచి అరవాల్సినవన్నీ ఇందులో రాసుకుంటాను. ఎరువుల కంపెనీ వాళ్ళిచ్చిన డైరీ, జనవరి నుంచి ఖాళీగానే పడి ఉంది. ఇన్నాళ్ళూ నోరుండగా దీనితో పని పడలేదు.

గొడవ కెమెరా గురించి. నాన్న వాడిన పాత కెమెరా బాడీ షట్టరు సగంలో ఆగిపోతోంది. పోయిన నెల మండపేట పెళ్ళిలో పెళ్ళికొడుకు పూర్తిగా పడ్డాడు, పెళ్ళికూతురు సగమే పడింది. కొత్తది కొనక తప్పదు. మా స్తోమతకి ఒక బాడీ, ఒక లెన్సు వస్తాయి. ఆ ఒక్క లెన్సు ఏదన్నదే తేలడం లేదు.

బోర్డు మీద నాన్న పేరుంది, త్రిమూర్తులు ఫోటో స్టూడియో అని. రాజమండ్రిలో అందరూ హరిబాబు గారి స్టూడియో అంటారు. లోపల కూర్చోబెట్టి మొహాలు తీసేది నేను. పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ బయట తిరిగేది ఈయన. ఊరి దృష్టిలో మాత్రం నేను హరిబాబు గారి మిసెస్‌ని, ఆయన లేనప్పుడు కౌంటరు చూసుకునేదాన్ని.

నవంబరు 5

ఇవాళ ఒకావిడ వచ్చి, "మాస్టారు లేరాండి? పోనీలెండి, మీరే తీసెయ్యండి" అంది.

తీశాను. బాగా తీశాను. ఆవిడకి అంత బాగా తీయాల్సిన పని లేదు.

నవంబరు 9

బాడీ దగ్గర పేచీ రాలేదు. ఎఫ్ హండ్రెడ్ మోడలు గట్టిది, కింద పడ్డా ఏమీ కాదు. ఎఫ్ ఎయిటీ తేలిక, ప్లాస్టిక్కు. ఎఫ్ ఎయిటీ తీసుకుని మిగిలింది లెన్సు మీద పెడదామని నేనంటే ఈయన ఒప్పుకున్నారు. నేను చెప్పింది ఈయన ఒప్పుకున్నారంటే వెనకేదో ఉందని అప్పుడే అనుకోవాల్సింది.

నాకు కావాల్సింది ఎయిటీ ఫైవ్. పోర్ట్రెయిటు లెన్సు. మనిషికీ కెమెరాకీ మధ్య సరిగ్గా ఎంత దూరం ఉండాలో అంత దూరంలో నిలబెడుతుంది. ఇప్పుడున్న ఫిఫ్టీతో మొహం నిండుగా రావాలంటే మొహం మీదకి వెళ్ళిపోవాలి. అప్పుడు ముక్కు ముందుకొస్తుంది, చెవులు వెనక్కి పోతాయి. ఇన్నేళ్ళుగా ఈ ఊరి ఆడపిల్లల ముక్కులకి నేను చేసిన అన్యాయం ఇంతా అంతా కాదు. పెళ్ళిచూపులకి పంపే ఫోటోలు కదా అవి.

ఈయనకి ఎయిటీ టూ హండ్రెడ్ కావాలి. టెలిఫోటో. చూడ్డానికి నీళ్ళ పైపు ముక్కలా ఉంటుంది.

"మండపం ఎక్కితే జనం తిడుతున్నారు శ్రీదుర్గా. పెళ్ళికొచ్చి నీ వీపు చూసి వెళ్తున్నామయ్యా అంటున్నారు. ఇదుంటే కింద కుర్చీల్లోంచే తీసుకోవచ్చు. పైగా అందులో ఎనభై కూడా ఉంది కదా. నీ లెన్సు కూడా దాని కడుపులోనే ఉంది."

"దాన్ని ఎదురుగా పెడితే ఆడపిల్లలు ఎక్స్‌రేకి కూర్చున్నట్టు బిగుసుకుపోతారండి" అన్నాను.

ఈయన లేచి మంచినీళ్ళు తాగారు. తర్వాత, "సరేలే, నీ ఇష్టం" అన్నారు. సంతోషంగా పడుకుంటున్నాను.

నవంబరు 11

గోదావరి మధ్య లంక ఊరి నుంచి వీరమ్మ గారు కూతుర్ని తీసుకొచ్చారు. పిల్ల పేరు బేబీ. వీళ్ళకి అరటితోట ఉంది. పిల్ల ఇక్కడే బీకాం ఆఖరి సంవత్సరం. రావులపాలెం సంబంధమట, అబ్బాయి తండ్రికి అక్కడి అరటి మార్కెట్లో కమీషన్ కొట్టు. ఫోటో పంపమన్నారట.

పిల్ల గలగలా మాట్లాడుతుంది. లైట్లు వేశాక కూడా ఆపలేదు. నవ్వితే పై చిగుళ్ళన్నీ కనిపిస్తాయి. "పెదవులు కలిపి నవ్వమ్మా" అన్నాను. కలిపింది. చక్కగా వచ్చింది. ఎయిటీ ఫైవ్ ఉంటే ఇంకా బాగా వచ్చేది. రెండు రోజులు ఆగి రమ్మనాల్సింది.

నవంబరు 13

బెజవాడ నుంచి తెచ్చారు. నీళ్ళ పైపు.

నవంబరు 15

నిన్న దీపావళి. మాట్లాడలేదు. దీపాలు పెట్టాను, స్వీటు పంచాను, మాట్లాడలేదు.

ఇవాళ షాపు తెరవగానే ఈయన దాన్ని బాడీకి తగిలించి చూపించారు. బాడీ తేలిక, లెన్సు బరువు. చేతిలో పట్టుకుంటే ముందుకి వాలిపోతోంది. "లెన్సు కింద చెయ్యి పెట్టి పట్టుకోవాలి, అలవాటైపోతుంది" అంటున్నారు. నాకు మూడు విషయాలు అర్థం కావు. "నీ ఇష్టం" అంటే ఏంటి? నాన్న స్టూడియోలో నాన్న కూతురికి లెన్సు ఎంచుకునే అర్హత లేదా? బెజవాడ షాపువాడు ఎయిటీ ఫైవ్ స్టాకులో లేదన్నాడని ఈయన చెప్పిన మాట నేను నమ్మాలా?

మూడోది అడిగేశాను. "ఉందేమోలే, నేను అడగలేదు" అన్నారు. పోనీ అబద్ధమైనా చివరిదాకా ఆడొచ్చు కదా.

నవంబరు 20

సంబంధాలు కుదిర్చే చిట్టియ్య గారు వచ్చారు. కొత్త లెన్సు గురించి ఈయన ఊరంతా చెప్పుకున్నట్టున్నారు. ఆయన దాన్ని చేత్తో తాకి, "ఎంత దూరం కనపడుద్దండి?" అని అడిగారు.

నేను టీ ఇస్తూ విన్నాను. ఒక పిల్ల ఫోటో కావాలట. పిల్లకి తెలియకుండా.

"స్టూడియో ఫోటోలో అందరూ బాగానే ఉంటారమ్మా, తమరి చేతి చలవ" అన్నారు నా వైపు తిరిగి. "అబ్బాయి వాళ్ళకి పిల్ల మామూలుగా ఎలాగుంటుందో కావాలంట. శనివారం పిల్లా, తల్లీ కోరుకొండ మీద గుడికి వస్తారు. కార్తీకమాసం కదండీ. మెట్ల మీద ఉండగా తీసేస్తే సరిపోద్ది."

"చూడాలంటే వాళ్ళే వచ్చి చూసుకోవచ్చు కదండి" అన్నాను.

"అబ్బాయి తల్లికి మోకాళ్ళ నొప్పులమ్మా. కొండెక్కలేదు."

చాటుగా చూడ్డం మా వైపు ఎప్పటినుంచో ఉన్నదే. పెళ్ళిచూపులకొచ్చి వద్దంటే పిల్ల మనసు కష్టపడుతుందని, ముందే ఏ గుడిలోనో రేవులోనో దూరం నుంచి చూసుకుంటారు. తల్లికి తెలుస్తుంది, పిల్లకి తెలియదు. నన్నూ మా అత్తగారు అలాగే చూశారట, పుష్కరాల రేవులో. పెళ్ళయ్యాక చెబితే నవ్వుకున్నాను. కానీ ఆవిడ బస్సెక్కి వచ్చింది, ఎండలో నిలబడింది, నేనెటు తిరిగితే అటు తిరిగింది. నన్ను చూడ్డానికి ఆవిడ కూడా అంతో ఇంతో కష్టపడింది. వీళ్ళకి మెట్లెక్కడం బద్ధకమై లెన్సుని పంపుతున్నారు.

"ఎవరి పిల్లండి?" అని అడిగాను.

"తమరికెందుకమ్మా, మంచి కుటుంబం" అన్నారు.

ఈయన ఆర్డరు ఒప్పుకున్నారు. పైపు కొన్నారు కదా, నీళ్ళు పట్టాలి మరి.

నవంబరు 24

కోరుకొండ వెళ్ళారు. ఫ్లాస్కులో కాఫీ పోసి ఇమ్మన్నారు. ఇవ్వలేదు.

నవంబరు 26

కలర్ ల్యాబ్ నుంచి కవరు వచ్చింది. ఈయన లేరు. విప్పాను.

బేబీ.

ఆ లంక ఊరి బేబీ. పెదవులు కలిపి నవ్వమ్మా అంటే కలిపిన పిల్ల.

మెట్ల మధ్యలో ఆగింది. ఒక చెయ్యి మోకాలి మీద, ఇంకో చేతిలో కొబ్బరికాయ సంచి. ఆయాసంతో వంగి, పై మెట్టు మీదున్న ఎవరినో చూసి నవ్వుతోంది. నుదుటి మీద చెమట, చెమటకి అంటుకున్న జుట్టు. చిగుళ్ళన్నీ కనిపిస్తున్నాయి. వెనక రాళ్ళూ మనుషులూ మెత్తగా కరిగిపోయి, ఆ పిల్ల మొహం ఒక్కటే మిగిలింది. ఆ కొండ మీద ఆ పూట సంతోషంగా ఉన్నది తనొక్కతే అన్నట్టుంది.

చాలా బాగుంది. నేను ఎయిటీ ఫైవ్‌తో తీద్దామనుకున్న ఫోటో ఇదే. ఇన్నేళ్ళలో ఇలాంటిది నాకు ఒక్కటీ రాలేదు. ఈ మాట ఈయనతో అనలేదు, అనబోను.

నవంబరు 27

ఇంకోసారి చూశాను. దొంగతనంగా తీశారు. బాగుంది.

నవంబరు 28

బాగుంటే మాత్రం.

డిసెంబరు 2

చిట్టియ్య గారు వచ్చి చెప్పారు. రావులపాలెం వాళ్ళు వద్దన్నారట.

"ఎందుకు?" అన్నాను.

"నవ్వితే చిగుళ్ళు కనపడుతున్నాయంటమ్మా. స్టూడియో ఫోటోలో తెలియలేదంట. హరిబాబు గారి ఫోటో చూశాక తెలిసిందంట. మంచి పని చేశారండి, పెళ్ళిచూపులదాకా వెళ్ళి వద్దంటే గొడవైపోను." ఈయన వైపు చూసి మెచ్చుకోలుగా తలూపారు.

ఈయన సిగ్గుపడుతున్నట్టు నవ్వారు. ఎవరైనా మెచ్చుకుంటే అలాగే నవ్వుతారు.

పిల్లకి ఏం చెప్పారని అడిగాను. ఏమీ చెప్పలేదట. తల్లికి జాతకాలు కలవలేదని చెప్పారట. అంటే ఆ పిల్లని చూశారు, తూచారు, పక్కన పెట్టారు, ఆ పిల్లకి మాత్రం ఇదేదీ తెలియదు. కోరుకొండ వెళ్ళొచ్చానని కాలేజీలో ప్రసాదం పంచి ఉంటుంది.

నాకు ఒళ్ళు మండిపోతోంది. ఆ నవ్వు చూసి వద్దనడానికి వాళ్ళకి నోరెలా వచ్చింది?

డిసెంబరు 3

నెగెటివ్ నా దగ్గర పెట్టేసుకున్నాను. ఈయన అడిగారు. ఇవ్వలేదు.

"నేనేం చేశానే? బటన్ నొక్కాను, అంతే" అన్నారు.

"ఆ పిల్లని అడిగి నొక్కారా?"

"అడిగితే అలా వస్తుందా?"

అడిగితే పెదవులు కలుపుతారు, నిజమే. అయినా నా కోపం ఏమీ తగ్గలేదు. ఆయన మాట నిజమైనంత మాత్రాన కోపం పోవాలని ఎక్కడుంది?

డిసెంబరు 6

ఆ ఫోటో పెద్దది చేయించాను. షోకేసులో పెట్టాను, మధ్యలో. ఫోటో అంటే ఎలా ఉంటుందో రోడ్డు మీద పోయేవాళ్ళకి తెలియాలని. ఇద్దరు ముగ్గురు ఆగి చూశారు. ఒకాయన స్కూటరు ఆపి మరీ చూశాడు.

కాసేపటికి తీసేశాను. మధ్యాహ్నం ఎండ పడి రంగు వెలిసిపోతుందని.

డిసెంబరు 7

అక్కడ ఎండ పడదు. పైన రేకు ఉంది.

డిసెంబరు 9

బేబీ వచ్చింది, హాల్‌టికెట్టుకి ఫోటోలు కావాలని. ఈయన పెళ్ళికి వెళ్ళారు. నేనొక్కదాన్నే.

చెప్పకూడదనే అనుకున్నాను. వాళ్ళమ్మ చెప్పలేదు, నాకేం పని? ఆ పిల్ల స్టూలు మీద కూర్చుని, లైటు వేయగానే, నేనేమీ అనకుండానే, పెదవులు రెండూ గట్టిగా కలిపేసింది.

"ఏంటమ్మా అలా బిగించావు?"

"మీరే కదండీ, కలపమన్నారు."

లైటు ఆపేశాను. పెద్దది చేయించిన ఫోటో తెచ్చి చేతిలో పెట్టాను. అన్నీ చెప్పాను. రావులపాలెం వాళ్ళు, చిట్టియ్య గారు, కోరుకొండ, మా లెన్సు, చిగుళ్ళు. ఆఖరి మాట దగ్గర నా గొంతు పెరిగింది. బయట కౌంటరు దగ్గర ఎవరున్నారో నేను చూడలేదు.

బేబీ ఏడుస్తుందనుకున్నాను. ఫోటోని దగ్గరగా పెట్టుకుని చూసింది, దూరంగా పెట్టి చూసింది.

"మా పెద్దమ్మ కూతురు మెట్లెక్కలేక పైన కూలబడిపోయిందండి. అప్పుడు నవ్వాను" అంది. తర్వాత, "నేనిలా ఉంటానాండి?"

"అలాగే ఉంటావు. చాలా బాగున్నావు."

"మరి అప్పుడు కలపమన్నారేంటండి?"

ఫోటోకి కవరు వెతికి ఇచ్చాను. ఈ మధ్య నాకు అన్నీ ఇలాంటి ప్రశ్నలే ఎదురవుతున్నాయి.

ఫోటో కవర్లో పెట్టుకుంది. గుమ్మం దాకా వెళ్ళి ఆగి, వెనక్కి తిరిగింది. నవ్వు లేదు.

"నన్ను ఇంత దగ్గరగా చూశారు కదండీ. అతని ఫోటో ఏదండి?"

రావులపాలెం అబ్బాయి వాళ్ళ అన్న పెళ్ళి ఆల్బం మేమే చేశాం. ఆ అబ్బాయి, పేరు అశోక్, సూటు వేసుకుని నిలబడ్డ ఫోటో అందులో ఉంది. చూపిస్తానన్నాను.

"సూటు వద్దండి. నన్ను చూసినట్టు చూడాలి."

డిసెంబరు 10

లెన్సు నా బీరువాలో పెట్టాను. తాళం నా దగ్గర. ఈయన అడిగితే తేమకి బూజు పడుతుందని చెప్పాను. కోనసీమ గాలికి లెన్సులకి బూజు పట్టడం నిజమే. రాజమండ్రి కోనసీమ కాదన్నారు. గాలికి హద్దులుండవన్నాను.

డిసెంబరు 17

బేబీకి కాలేజీ సెలవు. ఇద్దరం బస్సులో రావులపాలెం వెళ్ళాం. సంచిలో కెమెరా, లెన్సు, వాటి మీద చీర. మా చిన్నాన్న కూతురింటికి వెళ్తున్నానని ఇంట్లో చెప్పాను. అబద్ధం చివరిదాకా ఆడాను, ఈయనలా మధ్యలో వదిలేయలేదు.

మార్కెట్లో ఎక్కడ చూసినా అరటి గెలలే. లారీలు, సైకిళ్ళు, గెలలు దించేవాళ్ళ కేకలు. అశోక్ వాళ్ళ కొట్టుకి ఎదురుగా టిఫిన్ హోటలుంది. మేడమీద కిటికీ దగ్గర బల్ల ఖాళీగా ఉంటే కూర్చున్నాం. ఇడ్లీ చెప్పాం. సర్వరు వెళ్ళాక కెమెరా తీసి, లెన్సు సంచి మీద ఆనించి, ఫోకస్ చేశాను.

నిజం రాసుకోవాలి కదా. ఎంత దగ్గరగా కనిపించాడో. షర్టు జేబులో పెన్ను మూత రంగు కూడా తెలుస్తోంది. చేతిలో ఆ బరువు, కంటికి ఆ మొహం, అతనికేమీ తెలియకపోవడం. ఒక్క క్షణం ఈయన ఆ రోజు కొండ మీద ఎందుకంత శ్రద్ధగా నిలబడ్డారో అర్థమైంది. అర్థమైనందుకు ఇంకా మండింది.

"నొక్కనా?" అన్నాను.

"ఆగండి. నేను చూస్తానండి."

కెమెరా ఇచ్చాను. లెన్సు కింద చెయ్యి పెట్టి పట్టుకోమని చెప్పాను. చూసింది. ఇడ్లీ వచ్చింది, చల్లారింది. చూస్తూనే ఉంది.

"నవ్వుతున్నాడండి" అంది. "పళ్ళు బాగున్నాయండి. వరసగా ఉన్నాయి."

నేను ఇడ్లీ మీద వాలిన ఈగని తోలాను.

"ఎవరో రైతు గెలలు తెచ్చాడండి. ముసలాయన. సైకిలు మీద తెచ్చాడు." లెన్సు కొంచెం పక్కకి తిప్పింది. "గెలని కాలితో తోస్తున్నాడండి."

"ఎవరు?"

"అతనేనండి. ఇది చిన్నది, ఇది పనికిరాదు అంటూ కాలితో పక్కకి తోసేస్తున్నాడు. ఆ ముసలాయన వంగి తీసుకుంటున్నాడు." కంటి దగ్గర్నుంచి కెమెరా తీయకుండానే చెప్పింది. "మా నాన్న గెల కోసినప్పుడు నేల మీద పెట్టరండి. ఆకు పరిచి పెడతారు. నేను చిన్నప్పుడు ఒకసారి గెల దాటాను, దెబ్బలు పడ్డాయి."

ఇంకా చూసింది. వాళ్ళు ఈ పిల్లని చూసిన దానికంటే ఎక్కువసేపే చూసి ఉంటుంది. తర్వాత కెమెరా నెమ్మదిగా బల్ల మీద పెట్టి, ఇడ్లీ పళ్ళెం దగ్గరికి లాక్కుంది.

"నాకొద్దండి" అంది.

"ఫోటోనా?"

"అబ్బాయండి."

చట్నీ నంజుకుని తింది. నా ఇడ్లీ కూడా తినేసింది. తిరిగి వస్తుంటే బ్రిడ్జి మీద బస్సు ఆగినప్పుడు, "అతనికి ఎప్పటికీ తెలియదు కదండీ, నేను వద్దన్నానని" అంది. తెలియదన్నాను. అప్పుడు నవ్వింది, పూర్తిగా. ఫోటో తీయాలనిపించింది. అడిగాను. "ఇప్పుడొద్దండి, జుట్టు రేగిపోయింది" అంది. తీయలేదు.

డిసెంబరు 18

సంచిలో రావులపాలెం బస్సు టిక్కెట్టు దొరికి ఈయనకి తెలిసిపోయింది. కెమెరాలో రీలు ఎంత వాడానో చూశారు. ఒక్క ఫ్రేమూ కదల్లేదు. "అంత దూరం మోసుకెళ్ళి ఏమీ తీయలేదా?" అన్నారు. జరిగింది చెప్పాను. వినే ముందు లేచి కిటికీ తలుపు వేశారు, కిందకి వినపడకుండా. నేనసలు అరవలేదు.

డిసెంబరు 20

చిట్టియ్య గారు వచ్చారు. ఇంకో ఆర్డరు. ఈసారి పిల్లది కడియం వైపట, రోజూ పొద్దున్నే బస్టాపులో నిలబడుతుందట. ఎదురుగా కిళ్ళీ కొట్టు వెనక నుంచి తీస్తే వెలుతురు బాగుంటుందని ఆయనే చూసి పెట్టుకొచ్చారు.

ఈయన నా వైపు చూశారు. లెన్సు ఇవాళ తుడవడానికి నేనే బయటికి తీసిచ్చాను. ఈయన చేతిలోనే ఉంది.

"తీస్తామండి" అన్నాను నేను. "కాకపోతే ఒక పద్ధతి పెట్టుకున్నాం. ముందు అబ్బాయిది తీస్తాం. కొట్లో ఎలా ఉంటాడు, పనివాళ్ళతో ఎలా మాట్లాడతాడు, అన్నం ఎలా తింటాడు. అబ్బాయికి తెలియకుండానే లెండి. అవి పిల్లకి ఇస్తాం. తను చూసి సరేనంటే, అప్పుడు పిల్లది తీసి మీకిస్తాం."

చిట్టియ్య గారు టీ గ్లాసు కింద పెట్టేశారు. మొహం ఎర్రబడింది. ఇన్నేళ్ళలో ఆయన కోపపడగా నేను చూడలేదు.

"అదేంటమ్మా, అలాగంటారు? పెళ్ళి కావాల్సిన పిల్లాణ్ణి, అతనికి తెలియకుండా చాటున నక్కి ఫోటో తీయడమేంటండి? వాళ్ళ పరువేం కాను? తప్పు కదూ?"

ఈయన వైపు చూశాను. ఈయన నా వైపు గానీ, చిట్టియ్య గారి వైపు గానీ చూడలేదు. తుడుస్తున్న గుడ్డ మడతపెట్టి, లెన్సుకి మూత పెట్టేశారు.